రాజంపేటలో మంచు కళ్ళద్దాలు

రాజంపేటలో మంచు ఎప్పుడు కురిసిందని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పలేను. మార్గశిర మాసంలో కొండల అంచున పొద్దుటిపూట కాస్త పొగమంచు కనబడితే అదే గొప్ప. అటువంటి ఊళ్ళో, ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చే రోజుల్లో, మంచుమీద జారే ఆటకు పెట్టుకునే కళ్ళద్దాలు కళ్ళారా చూశాను. చూడటమేమిటి, ఒక రోజల్లా అవి పెట్టుకుని ఊరి చుట్టూ తిరిగాను. నన్ను చూసి నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వనివాళ్ళు నేను సినిమావాణ్ణనుకున్నారు. కాని ఆ తిరుగుడువల్ల నాకు తెలిసిన సంగతులు కొన్ని అందరికీ పనికివచ్చేవేనని తోచి ఇది రాస్తున్నాను.

చెన్నపట్నం నుంచి బొంబాయి వెళ్ళే పాత రైలుమార్గంలో రేణిగుంట దాటి, కడప చేరేలోపల రాజంపేట తగులుతుంది. ఎడమచేతివైపు శేషాచలం, పాలకొండల వరుస. కుడివైపు దూరంగా వెలికొండలు. నడుమ ఈ లోయ. ఆ కొండల్లోనే ఎర్రచందనం పెరుగుతుంది. తూర్పు కనుమల ఈ దక్షిణపు కొసన తప్ప ఆ చెట్టు దానంతటది మరెక్కడా పెరగదు. కోడూరు దగ్గర మామిడి, అరటి తోటలు చూసి కళ్ళు చల్లబడిన ప్రయాణీకుడికి రాజంపేట స్టేషనులో దిగగానే ఎండ ఎదురువచ్చి పలకరిస్తుంది. ఆ పలకరింపులో మొహమాటమేమీ ఉండదు.

మా చిన్నాయన ఇల్లు స్టేషనుకు దగ్గరే. ఆయనకు డెబ్భైయేళ్ళు దాటాయి. కిందటి ఏడాది కుడికంటికి శుక్లం ఆపరేషను అయింది. ఎడమకంటిలో శుక్లం ముదురుతూ ఉన్నది. దానికీ చేయించుకొమ్మని డాక్టరు చెప్పి ఆరు నెలలైనా ఆయన కదలడం లేదు. ఆ విషయం మాట్లాడమని చిన్నమ్మ కబురుపెట్టింది. అందుకే నేను వెళ్ళింది.

"ఏం నాయనా, బాగుండావా? ఎండకు వచ్చినావే," అన్నాడు చిన్నాయన, అరుగుమీద నుంచే. సాయంకాలం ఆరు గంటలు దాటింది. కళ్ళకు నల్లద్దాలు ఉన్నాయి.

"ఇంక ఎండ యాడుంది చిన్నాయనా, ఆ అద్దాలు తీయగూడదా?" అన్నాను.

"ఉండనీలే," అన్నాడు.

భోజనాలయ్యాక చిన్నమ్మ అసలు సంగతి చెప్పింది. చిన్నాయనకు ఒక మోపెడ్డు ఉన్నది. రోజూ మబ్బుతోనే లేచి దానిమీద చేనికి వెళతాడు. సాయంత్రం మళ్ళీ ఒకసారి వెళ్ళి చీకటిపడేవేళకు వస్తాడు. పదిరోజుల కిందట అలా వస్తూ, రోడ్డు దాటుతున్న ఎనుమును చూడలేదు. ఆ ఎనుము పక్కన దాన్ని తోలుకువస్తున్న ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణీ చూడలేదు. పిల్లవాడు కేక వేసి పక్కకు దూకాడు గనుక సరిపోయింది. చిన్నాయన మోకాలు చెక్కుకుపోయింది.

"ఆ పొద్దు కూడా కండ్లకు ఆ నల్లద్దాలే నాయనా! లారీల లైట్లు కుచ్చుకుంటాయంట. చెప్తే ఇంటాడా?" అని చిన్నమ్మ కళ్ళు తుడుచుకున్నది.

ఈ ప్రాంతంలో కువైటుకు వెళ్ళినవాళ్ళు లేని వీధి అరుదు. మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, అక్కడే కారు డ్రైవరుగా ఉన్నాడు. యజమాని కుటుంబంతోబాటు ఒకసారి దుబాయి వెళ్ళాడు. దుబాయిలో 2005లో ఒక పెద్ద అంగడి సముదాయంలో పైకప్పు కింద మంచుకొండనే కట్టారు. బయట ఎడారి, లోపల మంచు. పిల్లలు జారుతుంటే వీడు బయట అంగట్లో నిలబడి, "మా నాయనకు కండ్ల ఆపరేషనయింది. ఎండ, దుమ్ము పడదు. ఏదన్నా మంచి అద్దం ఇవ్వ"మన్నాడట. అంగడివాడు చూపిన వాటిలో బాగా పెద్దది, ఖరీదైనది కొన్నాడు. పార్సెలు విప్పి చూస్తే ముక్కు మొదలు కణతలదాకా మూసే గాగుల్సు. చుట్టూ మెత్తటి స్పాంజి. తలకు బిగించే రబ్బరు పట్టీ. పెట్టెలో మార్చుకునేందుకు మూడు రకాల అద్దాలు. ఒకటి నిమ్మపండు రంగు, ఒకటి గులాబి, ఒకటి నలుపు.

చిన్నాయన ఆ గాగుల్సు పెట్టుకోలేదు. "వెల్డింగు పనికి పోయేవాని మాదిరి ఉంటుంది" అని అటకమీద పెట్టించాడు. మనవడు మాత్రం రహస్యంగా దింపి నాకు చూపించాడు.

"పెద్దనాయనా, మూడు రంగులెందుకు? ఒకటి చాలదా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. ఒకటి చాలదు కనుకనే మూడు ఇచ్చారు. మంచుమీద జారేవాడికి ఎండ ఒక గండం, ఎండ లేకపోవడం మరొక గండం. మబ్బుపట్టిన రోజున నేలా తెలుపు, ఆకాశమూ తెలుపు. నీడ అన్నది ఉండదు. నీడ లేకపోతే గుంట ఏదో గట్టు ఏదో తెలియదు. అటువంటి వెలుతురుకు పసుపు, గులాబి అద్దాలు. చెదిరిన నీలపు కాంతిని అవి కొంత ఆపేస్తాయి. అందువల్ల ఎత్తుపల్లాల తేడా స్పష్టపడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండకు నలుపు. అద్దం అంచుమీద చిన్న అక్షరాలతో అంకె కూడా ఉంటుంది. ఒకటో అంకె అద్దం నూటికి 43 నుంచి 80 పాళ్ళ వెలుతురును లోపలికి రానిస్తుంది. రెండోది 18 నుంచి 43, మూడోది 8 నుంచి 18. నాలుగో రకమూ ఉన్నది. అది 3 నుంచి 8 పాళ్ళే రానిస్తుంది; మంచు పర్వతాలకే తగినది. దాన్ని పెట్టుకుని బండి నడపగూడదని నియమం. మామూలు చలువ కళ్ళజోళ్ళకూ ఈ అంకెలే వర్తిస్తాయి. కొనేటప్పుడు చూసేవాళ్ళే తక్కువ.

మరునాడు మబ్బుతోనే చిన్నాయన బయలుదేరాడు. "నేనూ వస్తా, బండి నేను నడుపుతా" అన్నాను. పసుపు అద్దం బిగించిన గాగుల్సు తగిలించుకుని ముందు కూర్చున్నాను. ఆయన వెనక కూర్చున్నాడు. ఇంకా తెల్లవారకముందే ఆయన కళ్ళకు నల్లద్దాలు.

చిన్నాయన చేను చెయ్యేటి ఒడ్డున ఉన్నది. ఉన్నది అనాలో, ఉండేది అనాలో తెలియదు. బాహుదా, పింఛ ఏర్లు కలిసి చెయ్యేరై, నందలూరు మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. పెద్దలు చెప్పే కథ ఒకటి ఉన్నది. లిఖితుడనే ముని అన్న తోటలో అడగకుండా పండు తిన్నాడు. ఆ తప్పుకు రాజు చేతులు నరికించాడు. ఈ ఏటిలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయి. అందుకే బాహుదా అనీ, చెయ్యేరనీ పేర్లు. చేతులిచ్చిన ఆ ఏరే 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఊళ్ళమీద పడ్డది. ఎగువన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్ళలో ఇళ్ళు పోయాయి, మనుషులు పోయారు. మిగిలిన పొలాలమీద ఇసుక మేట వేసింది. చిన్నాయన పొలం రెండెకరాలు. అందులో కొంత ఇసుక తోలించాడు. మిగిలింది అట్లాగే పరుచుకుని ఉన్నది.

తెల్లవారే వేళ ఆ ఇసుకమీద నిలబడితే, నేను పటంలో చూసిన మంచునేలే ఇదని అనిపించింది. ఇంకా పొద్దు పొడవలేదు. ఆకాశం బూడిదరంగు, నేలా బూడిదరంగు, నీడ లేదు. ట్రాక్టర్లు ఇసుక తీసిన గుంతలు పక్కనే ఉన్నా ఆనడం లేదు. పసుపు అద్దం తీసి చూశాను, పెట్టి చూశాను. పెట్టినప్పుడు గుంతల అంచులు కొంచెం తేటపడ్డట్టు తోచింది. అయితే ఒక మాట చెప్పాలి. పసుపు అద్దం వెలుతురును పెంచదు. ఉన్న వెలుతురులో కొంత తీసివేస్తుందే గాని కలపదు. రాత్రిపూట బండి నడపడానికని పసుపు కళ్ళజోళ్ళు అమ్ముతుంటారు. వాటివల్ల చూపు మెరుగుపడదు.

నా వెనక ధబ్బున చప్పుడైంది. చిన్నాయన గుంతలో కాలు పెట్టి కూలబడ్డాడు. లేవదీశాను. దెబ్బ ఏమీ తగలలేదు.

"అద్దాలు తీసి నడువు చిన్నాయనా," అన్నాను.

"దారి తెలిసిందేలే," అన్నాడు. తీయలేదు.

తొమ్మిది గంటలయ్యేటప్పటికి అదే ఇసుక తెల్లగా మండసాగింది. పసుపు అద్దం గుండా చూస్తే ఇంకా ఎక్కువగా మండుతున్నట్టు అనిపించి, నల్లద్దం మార్చాను. ప్రాణం లేచివచ్చింది. కొత్తగా పడ్డ మంచు సూర్యుని అతినీలలోహిత కిరణాలను నూటికి 80 పాళ్ళదాకా తిప్పికొడుతుంది. పొడి ఇసుక 15 పాళ్ళు తిప్పికొడుతుంది. అంటే ఇక్కడ పైనుంచి వచ్చేదానికి కిందినుంచి వచ్చేది కొంత తోడు. కొండలెక్కేవాళ్ళకు మరొక బాధ: ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఈ కిరణాలు సుమారు 10 పాళ్ళు పెరుగుతాయి. 1924 జూన్ 4న నార్టన్ అనే ఇంగ్లీషాయన ఎవరెస్టుమీద 28 వేల అడుగులు దాటి ఎక్కాడు. చాలావరకు రాతినేలే గదా అని, కాలు పెట్టేచోటు బాగా కనబడాలని, నల్లద్దాలు తీసేశాడు. ఆ రాత్రికే చూపు పోయింది. కంటిపై పొర ఎండకు కమిలిందన్నమాట. రెండు రోజులకు పైగా గుడ్డివాడుగా గడిపి తరువాత కోలుకున్నాడు. అదే శిఖరాన్ని 2014 మే 25న మన నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళయినా నిండకుండానే, ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎక్కి వచ్చింది. అటువంటి చోట కళ్ళద్దం అలంకారం కాదు, తాడూ గొడ్డలీ వంటి పనిముట్టు.

అద్దమే లేని కాలంలో ఉత్తరధ్రువం దగ్గరి ఇన్యూట్ ప్రజలు ఎముకతోనో కొయ్యతోనో కంటిపట్టీ చేసి, దానికి సన్నని చీలిక కోసి, అందులోంచి చూసేవారు. మన సేద్యగాళ్ళు తువ్వాలును నుదుటిమీదికి లాక్కుని, కళ్ళు చికిలించి చూస్తారు. రెండూ ఒకే తెలివి.

అక్కడినుంచి నందలూరు వెళ్ళాము. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన ఊరు. సౌమ్యనాథస్వామి గుడి చోళుల నాటిది. ఆవరణలో ఎండ భగ్గుమంటున్నది. నేను గాగుల్సు తీయడం మరచి మండపంలోకి అడుగుపెట్టి, గడపకు తన్నుకున్నాను. దేవుడి ముందు నాకు కనిపించింది హారతి ఒక్కటే. ఎండలోంచి చీకట్లోకి వచ్చినప్పుడు కన్ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వయసు మళ్ళితే ఇంకా ఎక్కువ పడుతుంది. దానికి నల్లద్దం కూడా తోడైతే చెప్పనక్కరలేదు. అప్పటికి స్పాంజి కింద చెమట కాలువలు కట్టింది. చలికోసం చేసిన వస్తువును చైత్రమాసపు ఎండలో వాడితే అంతే మరి.

గాగుల్సు తీసి నా మామూలు కళ్ళజోడు పెట్టుకున్నాను. ఎండలో నల్లబడి నీడలో తెల్లబడే రకం అది. 1960ల్లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవారు గాజులో వెండి లవణాలు కలిపి ఈ విద్య మొదట సాధించారు. ఇప్పుడు ప్లాస్టిక్కు అద్దాలలో వేరే రసాయనాలు వాడుతున్నారు. ఒక అద్దమే అన్నిటికీ చాలుతుందని గొప్పగా కొనుక్కున్నాను. కాని రాజంపేట ఎండలో అది సగమే నల్లబడింది. దీనికి కారణం ఉన్నది. చలిలో ఈ అద్దాలు బాగా నల్లబడతాయి. వేడిలో తక్కువగా నల్లబడతాయి. ఇంకొక చిక్కు: ఇవి అతినీలలోహిత కిరణాలు సోకితేనే మారుతాయి. కారులో ముందు అద్దం ఆ కిరణాలను చాలావరకు ఆపుతుంది గనుక, లోపల కూర్చుంటే ఎండ కళ్ళలో పడుతున్నా ఇవి తెల్లగానే ఉంటాయి. మంచుకొండ మీద మహారాజులా పనిచేసేది మన సీమలో మందకొడిగా ఉంటుందన్నమాట.

సాయంత్రం తాళ్ళపాక బయలుదేరాము. 1408లో అన్నమయ్య పుట్టిన ఊరు. దారిలో తిరుపతి రోడ్డుమీద ఆయన 108 అడుగుల విగ్రహం కొండలకు పోటీగా నిలబడి ఉంటుంది. తిరిగి వచ్చేటప్పటికి పొద్దు కొండ వెనక్కి దిగింది. రోడ్డుపక్కన బండి ఆపి, చిన్నాయన నల్లద్దాలు అడిగి తీసుకుని పెట్టుకున్నాను. ఎదురుగా లారీ దీపాల బాధ తగ్గిన మాట నిజమే. కాని రోడ్డు అంచున తలమీద గడ్డిమోపుతో వస్తున్న ఆడమనిషి ఇరవై అడుగుల దగ్గరికి వచ్చిందాకా నాకు కనిపించలేదు.

"చిన్నాయనా, నా రెండు కండ్లూ బాగుండాయి. నాకే ఆయమ్మ కనిపించలేదు. లైట్లు కుచ్చుకునేది ఆ ఎడమకంటి శుక్లంవల్ల. అది వెలుతురును చెదరగొడుతుంది. దానికి మందు నల్లద్దం కాదు, ఆపరేషను. ఎందుకు చేయించుకోవు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"చేయించుకుంటే బాగా కనపడుతుంది నాయనా," అన్నాడు చివరకు. "కుడికంటికి చేసినాక మొదటిసారి చేనికి పోతినా, ఆ ఇసక ఎంత తెల్లగా కనిపించిందో! అంతకుముందు మసకలో ఏందో ఉండాది అనుకునేటోణ్ణి. ఈ అద్దాలు పెట్టుకుంటే మళ్ళా అట్లనే ఉంటాది. ఇంక ఆ కంటికి గూడా చేయించుకుని చూసేదానికి ఏముండాది?"

అప్పుడు తెలిసింది, ఆయన నల్లద్దాలు ఎండకు పెట్టుకున్నవి కావని. ఏ కంపెనీ అంకెలలోనూ ఆ వెలుతురు లేదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. "ఇసక నీ ఒక్కనిది. రోడ్డుమీద పిల్లవాడు అందరివాడు చిన్నాయనా. ఆ పొద్దు వాడు దూకకపోతే?"

ఆయన నల్లద్దాలు నా చేతిలోనుంచి తీసుకున్నాడు. పెట్టుకోలేదు, జేబులో వేసుకున్నాడు. ఇంటిదాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

మరునాడు పొద్దున కళ్ళద్దాల అంగడికి పోదామని ఆయనే అన్నాడు. ఆయన పాత నల్లద్దాలు తిరునాళ్ళలో కొన్నవి. అంగడివాడు చిన్న యంత్రం మీద పెట్టి చూసి, ఇవి అతినీలలోహిత కిరణాలను సరిగా ఆపడం లేదన్నాడు. అది మరీ చేటు. నల్లద్దం వెనక చీకటికి కంటిపాప విచ్చుకుంటుంది. తలుపు తెరిచినట్టు ఆ కిరణాలు లోపలికి పోతాయి. అద్దం నలుపు వేరు, రక్షణ వేరు. రంగు లేని తెల్లద్దం కూడా ఆ కిరణాలను పూర్తిగా ఆపవచ్చు. "యూవీ 400" అని ఉన్నదా లేదా చూసుకోవాలి. అంగడివాడు ఇంకొక చిట్కా చెప్పాడు. అద్దాన్ని చేతి దూరంలో పట్టుకుని, తలుపు అంచువంటి తిన్నని గీతను అందులోంచి చూస్తూ అటూ ఇటూ జరపాలి. పవరు లేని అద్దంలో గీత వంకర తిరిగితే అది మంచి అద్దం కాదు.

చిన్నాయనకు రెండు జోళ్ళు తీసుకున్నాము. ఎండవేళకు గోధుమరంగువి, రెండో అంకెవి. మూడో అంకె ఈ ఎండకు ఇంకా సుఖమే గాని, అడుగడుగునా చెట్టునీడలోకీ ఇంట్లోకీ వెళ్ళే పెద్దవాడికి రెండోదే మేలని అంగడివాడూ నేనూ అనుకున్నాము. పొద్దువాలాక దుమ్ముకూ పురుగుకూ అడ్డంగా తెల్లనివి. మాపటేళ మోపెడ్డు మాత్రం, ఆపరేషను అయి డాక్టరు సరేననేదాకా, బయటికి తీయనని చిన్నమ్మ ముందు ఒప్పుకున్నాడు. తాళంచెవి ఆమె కొంగున ముడి వేసుకున్నది. ఆపరేషను తేదీ కూడా ఆ రోజే రాయించాము.

నేను రైలెక్కే ముందు చిన్నాయన మళ్ళీ చేనికి తీసుకుపోయాడు. గోధుమరంగు అద్దాలు పెట్టుకుని గట్టుమీద నిలబడ్డాడు. ఇసుక తోలించిన మూలన నాలుగు సాళ్ళు చెనిక్కాయ వేసి ఉన్నాడట. నాకు ముందు చెప్పనే లేదు.

"ఆకు కొంచెం పసుపు తిరిగినట్టుంది. అద్దమా, ఆకా?" అని అడిగాడు.

"అద్దం తీసి చూడు," అన్నాను.

తీసి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని వంగి చూశాడు. "ఆకే," అన్నాడు. "రేపు మందు కొట్టాల."

గాగుల్సు సంగతి చెప్పలేదు గదూ? మనవడికి ఇచ్చేశాము. మూడు అద్దాలూ మార్చి మార్చి పెట్టుకుంటూ, వీధిలో పిల్లలకు ఒక్కొక్క రంగు చూపించి, చూపుకు ఒక మామిడికాయ ముక్క చొప్పున వసూలు చేస్తున్నాడట. రాజంపేటలో మంచు కురిసిన లాభం అంతవరకు అతనిదే.